నరం తెగితే లాలాజల గ్రంథి ఎందుకు చిక్కిపోతుంది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. టెన్షన్‌లో నోరు ఎండిపోవడానికి కారణం సింపథెటిక్ నరాలు లాలాజలాన్ని ఆపేయడమే అని పరీక్షలో రాస్తే మీ మేడమ్ మార్కులు కోసేశారు, ఎందుకు? రక్తం మామూలుగా అందుతూనే ఉన్నా, నరం తెగితే చాలు గ్రంథి చిక్కిపోతుందని చదివారు, అదెలా? ఇక మూడోది, మీ అక్కకి చెవి ఆపరేషన్‌లో ఒక సన్నటి నరాన్ని తీసేయాల్సి రావచ్చన్నారట, దాంతో నోరు ఎండిపోతుందా?

డెంటల్ విద్యార్థులకు ఇరవై ఏళ్ళకు పైగా ఫిజియాలజీ చెప్పాను. ఆ మొదటి తప్పు ప్రతి బ్యాచ్‌లోనూ సగం మంది రాసేవారు. చదువుకునే రోజుల్లో నేనూ అదే రాశాను, కాబట్టి చిన్నబుచ్చుకోకండి. తప్పంతా మనం బట్టీపట్టే పట్టికది. మన ప్రమేయం లేకుండా ఒంటిని నడిపే అటానమిక్ నరాలు రెండు రకాలు. సింపథెటిక్ అంటే పోరాటం, పరుగు. పారాసింపథెటిక్ అంటే తిండి, విశ్రాంతి. ఒకటి ముందుకు తోస్తే రెండోది వెనక్కి లాగుతుంది. గుండెకీ కంటిపాపకీ ఈ లెక్క సరిపోతుంది. లాలాజల గ్రంథి దగ్గరికొచ్చేసరికి సరిపోదు.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. జీర్ణాశయానికి గ్యాస్ట్రిన్, క్లోమానికి సెక్రెటిన్ ఉన్నట్టు, లాలాజల గ్రంథిని పనికి పిలిచే హార్మోన్ ఏదీ లేదు. ఆల్డోస్టెరోన్ లాంటి హార్మోన్లు ఉమ్మిలో ఉప్పు ఎంత ఉండాలో కాస్త మార్చగలవు, అంతే. పని మొదలవ్వాలంటే నరం చెప్పాల్సిందే. ఆలోచిస్తే ఇది సబబే. తిండి నోట్లో ఉండేది సెకన్ల లెక్క. హార్మోన్ రక్తంలో కలిసి గ్రంథిని చేరేలోపు ముద్ద గొంతు దిగిపోతుంది. ఇలా పూర్తిగా నరం మాట మీద బతికే అవయవానికి నరం లేకపోతే ఏమవుతుందన్నదే మీ రెండో ప్రశ్న. అందుకే మొదటిదీ రెండోదీ నాకు ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి.

వైరింగ్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, పుస్తకంలో ఎలాగూ బొమ్మ ఉంటుంది. మెదడు కాండంలో లాలాజల కేంద్రాలు రెండు జతలు. పై కేంద్రం నుంచి వచ్చే పారాసింపథెటిక్ తంతువులు ఏడో కపాల నాడి వెంట బయల్దేరి, కార్డా టింపనీ అనే సన్నటి కొమ్మలో మధ్య చెవి గుండా దాటి, నాలుకకు వెళ్ళే లింగ్వల్ నరంలో కలుస్తాయి. అక్కడి నుంచి దవడ కింది సబ్‌మాండిబ్యులర్ గ్రంథికీ, నాలుక కింది సబ్‌లింగ్వల్ గ్రంథికీ చేరతాయి. కింది కేంద్రం నుంచి వచ్చేవి తొమ్మిదో నాడి వెంట బయల్దేరి, ఓటిక్ గాంగ్లియాన్‌లో (గాంగ్లియాన్ అంటే నాడీకణాల గుంపు) మజిలీ చేసి, చెవి ముందరి పెరోటిడ్ గ్రంథికి వెళతాయి. సింపథెటిక్ తంతువులు వెన్నుపాములో ఛాతీ పైభాగం నుంచి లేచి, మెడలోని పై గాంగ్లియాన్‌లో ఆగి, రక్తనాళాల గోడలు పట్టుకుని అన్ని గ్రంథులకూ ఎక్కుతాయి. కార్డా టింపనీ చెవిలోంచి వెళ్తుందన్న మాట గుర్తుంచుకోండి, మీ అక్క విషయంలో అవసరం పడుతుంది.

ఇప్పుడు అసలు కథ. 1851లో కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కుక్కలో గ్రంథికి వెళ్ళే నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించాడు. లాలాజలం ధారగా వచ్చింది. ఆ రోజుల్లో చాలామంది గ్రంథి అంటే జల్లెడ అనుకునేవారు, రక్తం ఒత్తిడికి నీరు వడకట్టుకుని బయటికొస్తుందని. లుడ్విగ్ గ్రంథి నాళంలో ఒత్తిడి కొలిచాడు. అది ధమనిలోని రక్తపు ఒత్తిడికంటే ఎక్కువగా వచ్చింది! జల్లెడ అయితే అది కుదరదు, నీళ్ళు ఎత్తుకు పారవు కదా. అంటే గ్రంథిలోని కణాలే నరం చెప్పింది విని, ఖర్చుపెట్టి మరీ నీటిని తోడుతున్నాయన్నమాట. నా దృష్టిలో ఫిజియాలజీలో ఇంత చక్కటి ప్రయోగాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ దశాబ్దంలోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ అదే కార్డా టింపనీని ప్రేరేపించి, గ్రంథి నుంచి తిరిగొచ్చే సిరల రక్తం ఎర్రగా, వేగంగా పారడం చూశాడు. నరం కణాన్ని పనిచేయమంటోంది, ఆ పనికి కావలసిన రక్తాన్నీ తనే తెప్పిస్తోంది. తర్వాత 1872లో హైడెన్‌హైన్ అనే జర్మన్ శాస్త్రవేత్త అట్రోపిన్ ఇచ్చి చూశాడు. నరం కొసలు వదిలే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని పనిచేయనివ్వని మందు అది. లాలాజలం ఆగింది, రక్తప్రవాహం పెరగడం మాత్రం ఆగలేదు. అంటే ఆ నరం కొసల్లో అసిటైల్‌కోలిన్ ఒక్కటే కాదు, మరేదో కూడా ఉండాలి. దానికి జవాబు దొరకడానికి వందేళ్ళు పట్టింది. వీఐపీ అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) కూడా అదే నరం కొసల నుంచి విడుదలవుతుంది.

కణం లోపల జరిగేది ఇది. పారాసింపథెటిక్ నరం వదిలిన అసిటైల్‌కోలిన్ ముఖ్యంగా ఎం3 గ్రాహకాన్ని, అంటే కణం మీద ఆ సందేశాన్ని అందుకునే ప్రోటీన్‌ని, తాకుతుంది. లోపల కాల్షియం పెరుగుతుంది. దాంతో నాళం వైపున్న పొరలో క్లోరైడ్ ద్వారాలు తెరుచుకుంటాయి. క్లోరైడ్ బయటికి పోతే దాని వెంట సోడియం, ఆ రెండింటి వెంట ఆక్వాపోరిన్ 5 అనే దారుల్లోంచి నీళ్ళు. సింపథెటిక్ నరం వదిలే నారడ్రినలిన్ బీటా గ్రాహకాన్ని తాకితే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది. కణంలో నిల్వ ఉన్న ప్రోటీన్ గుళికలు, అందులోని అమైలేజ్ (పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్)తో సహా, నాళంలోకి ఒలికిపోతాయి. క్లాసులో నేను దీన్ని ఒక్క వాక్యంలో చెప్పేవాణ్ణి: ఒకటి నీళ్ళు పోస్తుంది, ఇంకొకటి పిండి కలుపుతుంది. మరీ సరళమైన మాటే, రెండు నరాల పనులూ కొంత ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. అయినా పట్టికకంటే ఇది నిజానికి దగ్గర. రెండూ కలిసి పనిచేస్తే ఒక్కొక్కటి విడిగా ఇచ్చే ఫలితాల మొత్తంకంటే ఎక్కువ ప్రోటీన్ వస్తుంది. తినేటప్పుడు జరిగేది అదే, రెండు నరాలూ ఒకేసారి పలుకుతాయి. ఒక్క సింపథెటిక్ నరాన్నే ప్రేరేపించినా లాలాజలం ఆగదు. కొద్దిగా, చిక్కగా ఊరుతుంది.

మరి స్టేజి ఎక్కేముందు నాలుక పిడచకట్టుకుపోతుంది కదా, అదేమిటి? ఆ బ్రేకు గ్రంథి దగ్గర పడదు, మెదడులోనే పడుతుంది. భయం, ఆందోళన పుట్టే పై కేంద్రాల నుంచి మెదడు కాండంలోని లాలాజల కేంద్రాలకు ఆపమనే సంకేతాలు వస్తాయి. పారాసింపథెటిక్ నరంలో సందడి తగ్గిపోతుంది. నీళ్ళు పోసే చెయ్యి ఆగిపోయింది, నోరు ఎండింది. సింపథెటిక్ వచ్చి గ్రంథిని మూసేయలేదు. రక్తనాళాల్ని బిగించే సింపథెటిక్ తంతువులు ఉన్న మాట నిజమే, కానీ అవి లాలాజలాన్ని ఊరించే తంతువులకంటే వేరు, భోజనం వేళ జరిగే ప్రతిచర్యలో వాటికి పాత్ర లేదు. రక్తస్రావం లాంటి ఆపదలో వాటి పని మొదలవుతుంది. టెన్షన్‌లో నోటితో గాలి పీల్చడం కూడా నోటిని ఎండబెడుతుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కాబట్టి జవాబులో ‘పారాసింపథెటిక్ ప్రేరణ మెదడు స్థాయిలో తగ్గడం వల్ల’ అని రాయండి.

ఇదే కేంద్రానికి కింది నుంచి కూడా సంకేతాలొస్తాయి. రుచి, ముఖ్యంగా పులుపు, నమలడం వల్ల పళ్ళ చుట్టూ పడే ఒత్తిడి, కొంతవరకు వాసన. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు ఊరుతుంది, అందులో మూడింట రెండొంతులు సబ్‌మాండిబ్యులర్ గ్రంథులవే. తినేటప్పుడు చాలా రెట్లు పెరుగుతుంది, అప్పుడు పెరోటిడ్ ముందుకొస్తుంది. నిద్రలో దాదాపు సున్నా. పళ్ళను కాపాడే ఉమ్మి అప్పుడు ఉండదు, రాత్రి పళ్ళు తోముకోమని మేం అంతగా పోరేది అందుకే.

ఇక రెండో ప్రశ్న. నాకు ఇష్టమైనది కూడా ఇదే, కాస్త సాగదీస్తే ఓర్చుకోండి.

గ్రంథికి రక్తం, ఆక్సిజన్, చక్కెర అన్నీ అందుతుండగా ఒక్క నరాన్ని కోసి చూశారు. ఎలుకల్లో పెరోటిడ్‌కి వెళ్ళే పారాసింపథెటిక్ నరాన్ని కోస్తే కొద్ది రోజుల్లోనే గ్రంథి బరువు తగ్గడం మొదలవుతుంది. కణాలు చిన్నవవుతాయి, వాటి సంఖ్యా తగ్గుతుంది. సింపథెటిక్ నరాన్ని కోస్తే అంత చిక్కదు, ఆ కణాల్లో గుళికలు ఖాళీ కాకుండా పేరుకుంటాయి. నరాన్ని ముట్టుకోకుండా కూడా ఇదే ఫలితం తెప్పించవచ్చు. ఎలుకకి గట్టి మేత మానిపించి ద్రవాహారం పెడితే చాలు. నమిలే పని లేదు, నరంలో సంకేతాలు తగ్గాయి, పెరోటిడ్ చిక్కిపోయింది. మళ్ళీ గట్టి మేత పెడితే తిరిగి ఒళ్ళు చేస్తుంది. వాడని కండ చిక్కిపోయినట్టే ఇదీ. నరం వదిలే రసాయనాలు కణానికి ‘నీళ్ళు వదులు’ అన్న ఆజ్ఞతో పాటు ‘ప్రోటీన్ తయారుచెయ్యి, బతికుండు, అవసరమైతే విభజించుకో’ అన్న సందేశాన్ని కూడా మోస్తాయి. కాల్షియం, సైక్లిక్ ఏఎంపీ మార్గాలు గుళికల దగ్గరే ఆగవు, కేంద్రకంలోని జన్యువుల దాకా వెళతాయి.

దీనికి ఎదురు ప్రయోగం ఇంకా విచిత్రం. 1961లో హాన్స్ సెల్యే బృందం (స్ట్రెస్ అన్న మాటను వైద్యంలోకి తెచ్చిన మనిషే ఆయన) ఎలుకలకు ఐసోప్రొటెరినాల్ వరసగా ఇచ్చింది. సింపథెటిక్ నరం తాకే బీటా గ్రాహకాన్నే ఈ మందూ తాకుతుంది. కొద్ది రోజుల్లో లాలాజల గ్రంథులు ఎన్నో రెట్లు పెరిగిపోయాయి, కణాలు ఉబ్బాయి, విభజన కూడా జరిగింది. ఎలుక కింది ముందు పళ్ళను మళ్ళీమళ్ళీ కత్తిరిస్తూ పోయినా గ్రంథులు పెరుగుతాయి, సింపథెటిక్ నరం తీసేస్తే ఆ పెరుగుదల ఆగుతుంది. లాలాజలాన్ని ‘ఆపే’ నరం అని మనం రాసిన నరమే ఇక్కడ గ్రంథిని ఇంతింతలు చేస్తోంది, చూశారా.

నరం తెగిన గ్రంథి ఇంకో వింత పని చేస్తుంది. నోరు ఎండాల్సింది పోయి, కొద్ది రోజులకు చుక్కచుక్కగా లాలాజలం కారుస్తుంది. క్లాడ్ బెర్నార్డ్ 1864లోనే దీన్ని గమనించాడు. పిలుపు కరువైన కణం గ్రాహకాల సున్నితత్వాన్ని పెంచుకుంటుంది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో గడియారం చప్పుడు కూడా గట్టిగా వినిపించినట్టు, గ్రంథిలోపల మిగిలిన నాడీకణాల నుంచి జారే కాస్త అసిటైల్‌కోలిన్‌కే, రక్తంలో తిరిగే కాస్త అడ్రినలిన్‌కే స్పందిస్తుంది. చిక్కిపోతూ కూడా వింటూనే ఉంటుంది.

ఇప్పటిదాకా చెప్పింది ఎదిగిన గ్రంథి సంగతి. గర్భంలో గ్రంథి పుట్టేటప్పుడు ఈ బంధం ఇంకా గట్టిది. మనిషిలో ఆరో వారం నుంచి ఈ గ్రంథుల మొగ్గలు కనిపిస్తాయి. నోటి పొర లోపలికి ఒక మొగ్గలా దిగి, చీలుతూ చీలుతూ చెట్టు కొమ్మల్లా అవుతుంది. ఎలుక పిండంలో చూస్తే, ఆ మొగ్గ కాడ చుట్టూ పారాసింపథెటిక్ నాడీకణాలు ముందే గుమిగూడి, కొమ్మలతో పాటే పాకుతూ వెళతాయి. 2010లో అమెరికా ప్రభుత్వ దంత పరిశోధన సంస్థ బృందం ఆ మొగ్గను ప్రయోగశాలలో పెంచుతూ నాడీకణాల గుంపును తీసేసింది. కొమ్మలు వేయడం తగ్గింది, కొత్త కణాలను పుట్టించే మూలకణాల సంఖ్య పడిపోయింది. అసిటైల్‌కోలిన్ లాంటి మందు చేరిస్తే మళ్ళీ కోలుకుంది. అంటే ఇంకా ఒక్క చుక్క ఉమ్మి ఊరే పని లేని రోజుల్లోనే నరం ఆ మూలకణాల్ని కాపాడుతోంది. వీఐపీకి కూడా ఇక్కడ పనుంది, నాళాలు బోలుగా తయారవ్వడానికి సాయపడుతుంది. సింపథెటిక్ తంతువులు ఆలస్యంగా వస్తాయి.

గ్రంథి మాత్రం ఊరికే తీసుకునే రకం కాదు. నరాలను తనవైపు పిలిచే పదార్థాలు, న్యూర్ట్యురిన్ లాంటివి, తనే తయారుచేస్తుంది. దీనికి ముందే ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. 1950లలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రీటా లెవీ మాంటల్చీని, స్టాన్లీ కోహెన్ నరాలను పెంచే ఒక పదార్థం కోసం వెతుకుతున్నారు. ఏదో పరీక్ష కోసం పాము విషం కలిపితే, అందులోనే ఆ పదార్థం బోలెడంత ఉన్నట్టు తేలింది. పాము విషగ్రంథి అంటే లాలాజల గ్రంథికి దగ్గరి చుట్టమే కదా అని ఎలుక దవడ కింది గ్రంథిని పరీక్షించారు. మగ ఎలుక గ్రంథిలో ఆ నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ పుష్కలంగా దొరికింది. అదే గ్రంథి రసంలో చర్మకణాలను పెంచే ఇంకో ఫ్యాక్టర్‌ను కూడా కోహెన్ పట్టుకున్నాడు. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది. ఉమ్మేగా అని తీసిపారేసేవాళ్ళకి నేను చెప్పే కథ ఇది.

ఇదంతా ఎలుకల గొడవ, మనుషుల్లో ఏముందంటారా? చాలానే ఉంది. మధుమేహం ముదిరినవాళ్ళలో, ఎక్కువగా తాగేవాళ్ళలో, తిన్నది బలవంతంగా కక్కుకునే జబ్బున్నవాళ్ళలో కొందరికి రెండు బుగ్గలూ నొప్పి లేకుండా ఉబ్బుతాయి. చూసినవాళ్ళు గవదబిళ్ళలనుకుంటారు. జ్వరం ఉండదు, గ్రంథిలో ఇన్‌ఫ్లమేషనూ ఉండదు, కణాలు గుళికలతో ఉబ్బిపోయి ఉంటాయి. గ్రంథికి వెళ్ళే అటానమిక్ నరాలు దెబ్బతినడమే దీనికి కారణమని ఎక్కువమంది నమ్మకం. సింపథెటిక్ నరం కోసిన ఎలుక గ్రంథిలో గుళికలు పేరుకున్న సంగతి గుర్తు తెచ్చుకోండి, బొమ్మ కలుస్తుంది.

నరం దారి తప్పినా ఇబ్బందే. పెరోటిడ్ ఆపరేషన్ తర్వాత తెగిన పారాసింపథెటిక్ తంతువులు మళ్ళీ మొలిచి, గ్రంథి దొరక్క పక్కనున్న చర్మంలోని చెమట గ్రంథులకు అతుక్కుంటాయి. అప్పటి నుంచి ఆ మనిషికి తింటుంటే బుగ్గ మీద చెమట పడుతుంది, ఎర్రబడుతుంది. దీన్ని 1923లో వివరంగా రాసిన పోలెండ్ న్యూరాలజిస్టు లూచ్యా ఫ్రై పేరుతోనే పిలుస్తారు. రెండింటికీ అసిటైల్‌కోలినే భాష కాబట్టి చెమట గ్రంథికి ఆ పిలుపు అర్థమైపోతుంది. బొటాక్స్ ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గుతుంది.

చొంగ కారడాన్ని కూడా నరం లెక్కలోనే చూడాలి. పార్కిన్సన్స్‌లో చొంగ కారితే లాలాజలం ఎక్కువైందనుకుంటారు. నిజానికి ఊరేది చాలామందిలో తక్కువే, మింగడం మందగించి నోట్లో నిలుస్తుంది. మందుల వల్ల నోరు ఎండేవాళ్ళు ఇంకా ఎక్కువ. పాత తరం అలెర్జీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు, మూత్రం ఆపుకోలేనివాళ్ళకిచ్చే కొన్ని మందులు, ఇవన్నీ ఎం3 దగ్గర అడ్డం నిలబడేవే. ఇక్కడ గ్రంథి చెడిపోలేదు, పిలుపు అందడం లేదు, అంతే. మందు మారిస్తే సాధారణంగా కోలుకుంటుంది. అయితే మీ అంతట మీరు మానేయకండి, రాసిన డాక్టరుతో మాట్లాడండి. లాలాజలాన్ని ఊరించడానికిచ్చే పైలోకార్పిన్ మాత్ర పనిచేసేది కూడా ఈ గ్రాహకం మీదే. మిగిలిన కణాలుంటేనే అది ఫలిస్తుంది. క్యాన్సర్‌కిచ్చే రేడియేషన్‌కి కణాలే చచ్చిపోతే పిలవడానికి ఎవరూ ఉండరు. ఒళ్ళంతా చెమటలు పట్టించడం ఈ మాత్రతో పెద్ద ఇబ్బంది. అదుపులో లేని ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇవ్వరు. రేడియేషన్ తిన్న గ్రంథుల్లో నరాలను కాపాడితే గ్రంథి మళ్ళీ మొలుస్తుందా అని ఎలుక పిండాల గ్రంథుల మీద న్యూర్ట్యురిన్‌తో చూస్తే ఆశాజనకంగానే కనిపించింది. రోగులకిచ్చే చికిత్సగా మాత్రం ఇంకా రాలేదు.

ఇప్పుడు మీ అక్క సంగతి. ఆ నరం కార్డా టింపనీయే అయ్యుండాలి. మధ్య చెవిలో సుత్తి, దాగలి ఎముకల మధ్య నుంచి వెళుతుంది కాబట్టి అక్కడ జబ్బుంటే సర్జన్‌కి అది అడ్డం వస్తుంది. అది తెగితే ఆ వైపు సబ్‌మాండిబ్యులర్, సబ్‌లింగ్వల్ గ్రంథుల్లో ఊరడం బాగా తగ్గుతుంది, ఇప్పటిదాకా చెప్పుకున్న కారణంతో అవి కాలక్రమంలో కొంత చిక్కవచ్చు కూడా. అయినా నోరు ఎండినట్టు చాలామందికి తెలియదు. ఆ వైపు పెరోటిడ్ వేరే నాడి మీద నడుస్తోంది, రెండో వైపు గ్రంథులన్నీ పదిలంగా ఉన్నాయి. ఎక్కువమంది చెప్పేది రుచి గురించి. నాలుక ముందుభాగం రుచి కూడా ఆ నరంలోనే పోతుంది కాబట్టి ఆ పక్క రుచి మొద్దుబారడం, లోహం నాకినట్టు ఉండడం కొన్ని నెలలు ఉంటాయి. చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పండి. రెండో చెవికి ఇదివరకే ఆపరేషన్ అయ్యుంటే, లేదా తర్వాత చేయాల్సి వస్తే, ఆ మాట సర్జన్‌కి ముందే చెప్పాలి. రెండు వైపులా ఈ నరం పోతే నోరు ఎండడం, రుచి పోవడం రెండూ నిజంగా బాధిస్తాయి. ఆపరేషన్‌కి ముందే కుడి ఎడమల రుచి ఎలా ఉందో, ఇప్పుడు వాడుతున్న మందుల్లో నోరెండబెట్టేవి ఏమైనా ఉన్నాయో రాసి పెట్టుకోమనండి. తర్వాత ఇబ్బంది వస్తే అది నరానిదో మందుదో తేల్చడానికి ఆ కాగితమే పనికొస్తుంది.